మూడున్నర శ్రుతి

నా చిన్నప్పుడు, మట్టల ఆదివారానికి ముందు రోజు శనివారం, పొద్దున పదకొండు గంటలకు, మా ఊరి చర్చిలో నేను గిటార్ తప్పు వాయించాను. తప్పు వాయించడం పెద్ద సంగతి కాదు. ఆ తప్పును వేరే మనిషి తన మీద వేసుకుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. మా మనవడు విసిగించకపోతే ఇప్పుడు కూడా చెప్పేదాన్ని కాదు.

వాడు తెల్లాపూర్‌లో, పన్నెండో అంతస్తు ఇంట్లో, ప్రతి ఆదివారం గిటార్ నేర్చుకుంటాడు. నేర్పడానికి ఒక సార్ ఇంటికి వస్తాడు. ఆయన ఉన్న గంటలో వాయించేది పావుగంట, మిగిలిందంతా కొట్లాట. థియరీ రాకుండా వేళ్లు తిప్పితే కోతికి గిటార్ ఇచ్చినట్టే అని సార్ అంటాడు. థియరీ నేర్చుకుంటే మనసులో ఉన్నది కాస్తా పోతుంది, చెవి ఉంటే చాలు అని మావాడు అంటాడు. తనకు వంత పాడేవాళ్లను వాడు ఫోన్లో చూపిస్తాడు, తనకు వంత పాడేవాళ్లను సార్ చూపిస్తాడు. పొయ్యి మీద పప్పు మాడుతుంది గానీ వాళ్ల మాట తెగదు. పోనీ, కుర్రవాళ్లు, అని ఓర్చుకున్నాను. మొన్న మావాడు నన్ను సాక్ష్యానికి లాగాడు.

"మా నానమ్మకు అప్పుడు అ ఆలు గూడ రావు సార్. అయినా చర్చి మొత్తాన్ని పాడిచ్చింది. ఏం థియరీ చదివింది?" అన్నాడు.

సార్ నా వైపు చూశాడు. సగం నిజం చెప్పి గెలిచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మిగతా సగం ఇదిగో, రాసి పెడుతున్నాను.

మాది సంగారెడ్డి పక్క కొండాపూర్ అవతలి పల్లె. మా నాయన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాడు. అక్కడ ఆయనతో ఒకే గదిలో ఉన్న కేరళ ఫిట్టర్ ఒకాయన, ఊరికి వెళ్లిపోతూ తన గిటార్ మా నాయన చేతిలో పెట్టాడు. దానికి ఐదు తీగలే ఉన్నాయి. ఆరోదానికి బదులు మా నాయన సైకిల్ బ్రేకు వైరులోంచి ఒక పోగు లాగి బిగించాడు. నాకు పన్నెండేళ్లు. బడి మొహం చూడలేదు. మేకలు కాయడం, తమ్ముణ్ని ఎత్తుకోవడం, చేనులో కలుపు తీయడం, ఇవే నా చదువు. గిటార్ ఎట్లా పట్టుకోవాలో కూడా ఎవరూ చెప్పలేదు. చర్చిలో హార్మోనియం వింటూ, ఇంటికొచ్చి వెతుక్కుంటూ, తీగల మీద వేళ్లు పెట్టే తీరు నాలుగైదు రకాలు పట్టుకున్నాను. వాటితోనే ప్రతి పాటా నడిపేశాను. ఈ పిల్లకు దేవుడిచ్చిన చెవి ఉందని ఊరంతా అన్నారు. అనకపోయి ఉంటే బాగుండేది.

నడిపేశాను అంటే, పాటలన్నిటినీ నాకు తెలిసిన ఒక్క చోటికి లాక్కొచ్చాను. పాట ఎంత ఎత్తులో మొదలుపెట్టాలో చెప్పడానికి హార్మోనియం వాళ్లకు అంకెలు ఉంటాయి. ఒకటో శ్రుతి, ఒకటిన్నర, రెండు, అట్లా ఏడు దాకా. నాది మూడు. ఎవరి గొంతు ఎట్లా ఉన్నా మూడులోనే పాడాలి. లేకపోతే నా గిటార్ పలకదు.

అందరికన్నా ఎక్కువ బాధ పడింది మా పక్కింటి అక్క. పాట ఎత్తుకుంటే గొంతు వాకిట్లో నుంచి చేనుదాకా వినబడేది. నా గిటార్ వచ్చాక మాత్రం పాట కిందికి దిగిన చోటల్లా ఆమె గొంతు అడుగంటి, పెదవులు కదలడమే కనబడేది. ఒక్కసారి కూడా ఇది నాకు సరిపోవడం లేదు పిల్లా అని అనలేదు. అంటే నేను విననని తెలుసేమో. నాకు ఆమె మెతకతనం మీద ఇప్పటికీ కోపమే.

అప్పట్లో అక్క ఒక మందుల ఫ్యాక్టరీలో సీసాలు కడిగేది. చేతుల తోలు పొరలు పొరలుగా లేచిపోయేది. అన్నం కలుపుకోవాలన్నా చెంచా కావలసి వచ్చేది. ఆ ఏడాది సంగారెడ్డిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో, పిల్లలకు పాటలు నేర్పే మనిషి కావాలని కబురొచ్చింది. ఉండడానికి గది, తిండి, జీతం. హాస్టల్ అమ్మగారు తానే వచ్చి ఒకసారి పాట విని తేల్చుకుంటానన్నారు. మా ఊళ్లో విన్నాక ఇంకో ఊళ్లో ఇంకో అమ్మాయిని వినాలి. అంటే అక్కకు ఒక్క పాట. ఆ పాట నిలబడితే చేతులు బాగుపడతాయి, లేకపోతే మళ్లీ సీసాలు.

ఆ శనివారం పొద్దున్నే సంగారెడ్డి నుంచి చాచా సైకిల్ మీద వచ్చాడు. చుట్టుపక్కల చర్చిల్లో, భజన మందిరాల్లో హార్మోనియంలు ఆయనే బాగు చేసేవాడు. మా చర్చి హార్మోనియానికి గాలితిత్తి చిరిగింది. తోలు కొత్తది అతికించి, ఆరబెట్టి, పది గంటలకల్లా బుగ్గలా నిండేలా చేశాడు. బాగు చేస్తూ చేస్తూ మా పాటలన్నీ ఆయనకు వచ్చేశాయి. అమ్మగారు వచ్చినప్పుడు హార్మోనియం తానే వాయిస్తానన్నాడు. మేము ఒకసారి పాడుకుంటుంటే పక్కన కూర్చుని విన్నాడు.

"బేటీ, నీకు ఈమె మీద ఏమన్న పగ ఉన్నదా?" అని నన్ను అడిగాడు.

లేదన్నాను.

"మరి గంత మంచి గొంతును బాయిల ఎందుకు తోస్తున్నవ్? ఈమెది ఐదు. నువ్వు తీస్కపోయి మూడుల కూసోబెట్టినవ్."

హార్మోనియం మీద ఐదో శ్రుతి పట్టి, అక్కను ఒక చరణం పాడమన్నాడు. అక్క పాడింది. వాకిట్లో రేపటికి మట్టలు కోస్తున్న పాస్టరు అయ్యగారు కత్తి పట్టుకునే తలుపు దగ్గరికి వచ్చారు. అరుగు మీద కూర్చున్న అక్క వాళ్లమ్మ లేచి నిలబడింది. అంత గొంతును నేనే ఇన్ని రోజులు తొక్కిపెట్టానని నాకు తెలిసింది. సిగ్గుపడాల్సిన చోట నాకు రోషం వచ్చింది.

చాచా తన సంచిలోంచి పాత సైకిల్ ట్యూబు ముక్క తీశాడు. పెన్సిల్‌ను తీగల మీద అడ్డంగా పెట్టి ట్యూబుతో బిగిస్తే, నేను వేళ్లు పెట్టే తీరు మార్చుకోకుండానే శ్రుతి పైకి పోతుందని చూపించాడు. ఇప్పుడు దీన్నే కేపో అని దుకాణాల్లో అమ్ముతున్నారు. గిటార్ మెడ మీద ఇనుప గీతల మధ్య గడులు ఉంటాయి కదా, ఒక్కో గడి జరిగితే అర శ్రుతి పెరుగుతుందట. మూడు నుంచి ఐదుకు ఎన్ని గడులో లెక్కపెట్టుకోమన్నాడు. "గానీ మూడు కాడ జెర..." అని ఇంకేదో చెప్పబోయాడు. "తెల్సు చాచా" అన్నాను. ఆయన నా మొహం చూసి, చేతులు కడుక్కోవడానికి పోయాడు.

నేను లెక్కపెట్టాను. మూడున్నరకు ఒక గడి, నాలుగుకు రెండు, నాలుగున్నరకు మూడు, ఐదుకు నాలుగు. నాలుగో గడి మీద పెన్సిల్ కట్టేశాను. హార్మోనియంతో కలిపి చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు. అంతలోనే అమ్మగారు వచ్చి బల్ల మీద కూర్చున్నారు. చేతి గడియారం చూసి, పదకొండయింది, మొదలుపెట్టండి అన్నారు.

చాచా ఐదు పట్టాడు. అక్క అందుకుంది. నేను మీటాను. ఇరుసుకు నూనె లేని బండి చర్చిలోకి వచ్చినట్టయింది. అక్క కంగారుపడి గిటార్ వైపు జరిగింది, అటు నుంచి హార్మోనియం వైపు జరిగింది, ఎటూ కాక ఆగిపోయింది. తప్పు నాదేనని నా చెవికి మొదటి మీటుకే తెలిసింది. ఎటు జరపాలో తెలియలేదు. ఒక గడి పైకి జరిపాను, ఇంకా పాడైంది. ఇంట్లో అయితే నింపాదిగా వెతికి పట్టుకునేదాన్ని. బల్ల మీద కూర్చున్నావిడకు అంత తీరిక లేదు. ఆమె సంచీ దగ్గరికి లాక్కున్నారు.

అప్పుడు చాచా వాయించడం ఆపి లేచాడు. "తప్పు నాది అమ్మగారు. పొద్దున ఏసిన తోలు అతకలే, గాలి పోతున్నది. పది నిమిషాలు ఇయ్యుండ్రి," అన్నాడు.

బాగు చేసి ఇచ్చినవి ఇట్లాగే ఉంటాయా అని అమ్మగారు అడిగారు. ఆయన తల వంచుకున్నాడు.

హార్మోనియం ఎత్తుకుని నన్ను బయట అరుగు మీదికి రమ్మన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నా వేలు పట్టి మూడో శ్రుతి మెట్టు మీద పెట్టి, అక్కడి నుంచి ఒక్కటి కూడా వదలకుండా నొక్కుకుంటూ పొమ్మన్నాడు. నాలుగుకు, ఐదుకు మధ్య నల్లమెట్టు ఉంది. మూడు పక్కనే నాలుగు ఉంది.

"సూడు. మూడుకు నాలుగుకు నడ్మ నల్లమెట్టు లేదు. లేని మెట్టు మీద నువ్వు నిలవడ్డవ్, మీ అక్కను గూడ నిలవెట్టినవ్."

ఎందుకు లేదని అడిగాను.

"మా ఉస్తాద్‌ను నేను గూడ గిదే అడిగిన. కొట్టిండు. నిన్ను కొట్టను. లేదు, గంతే." తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నీ చెవి మంచిదే బేటీ. తప్పయిందని జెప్పింది గద. ఎటు పోవాల్నో జెప్పిందా?"

లేదని తల ఊపాను. మూడో గడి మీద పెన్సిల్ కట్టాను.

రెండోసారి అక్క పాడింది. ఆ పాట ఎట్లా ఉందో రాసే శక్తి నాకు లేదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. రెండో చరణం చివర, తాళం ప్రకారం నేను ముందుకు పోవాల్సిన చోట, అక్క ఆ మాటను వదలకుండా పట్టుకుంది. ఏ లెక్కా నాకు ఆగమని చెప్పలేదు. ఆమె ఊపిరి విని ఆగాను. చాచా కూడా ఆగాడు. ఇద్దరం ఆమె వచ్చేదాకా ఉన్నాం.

ఈస్టర్ పండుగ వెళ్లిన సోమవారం పెట్టె సర్దుకుని రమ్మని అమ్మగారు అక్కతో అన్నారు. ఇంకో ఊరికి పోలేదు. తలుపు దగ్గర ఆగి అయ్యగారితో ఇంకో మాట కూడా అన్నారు. హాస్టల్లో రెండు హార్మోనియంలు బాగు చేయించాలనుకున్నామని, ఇతనికి మాత్రం ఇచ్చేది లేదని. చాచా అక్కడే సైకిల్‌కు సంచి కట్టుకుంటున్నాడు. విన్నాడు. ముడి గట్టిగా లాగి బిగించాడు, పోయాడు.

నిజం చెబితే అక్క పని పోతుందేమోనని భయపడ్డాననుకుంటాను నేను. అబద్ధం. అప్పటికే అమ్మగారు మాట ఇచ్చేశారు. దేవుడిచ్చిన చెవి అన్న పేరు పోతుందని నోరు తెరవలేదు. చాచా తర్వాత నాలుగైదు సార్లు మా ఊరికి వచ్చాడు. ఆయనకు కూడా చెప్పలేదు. తర్వాత ఆయన రావడం మానేశాడు.

నా ముప్పై ఎనిమిదో ఏట నేను వయోజన విద్యలో అక్షరాలు నేర్చుకున్నాను. అంతకు ముందు మూగదాన్ని కాదు, ఆ తర్వాత పండితురాల్నీ కాలేదు. ఎవరినీ అడగకుండా బోర్డు చదివి బస్సెక్కడం వచ్చింది. ఏ ఊరు పోవాలో బోర్డు చెప్పదు, అది నాకే తెలియాలి. మావాడు, వాడి సార్, ఇద్దరూ దీని గురించే ఆదివారాలన్నీ పాడు చేసుకుంటున్నారు. నాకు వాళ్లను కూర్చోబెట్టి చెప్పే ఓపిక లేదు. చదువుకున్నవాళ్లే కదా, చదువుకోనీ.

గిటార్ ఎత్తుకుంటే ఇప్పటికీ మూడు దగ్గర నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది. నానమ్మ ఎవరూ చెప్పకుండా వాయించింది అని మావాడు ఇంకోసారి అనకూడదు. నాకు చెప్పినాయన ఉన్నాడు. చెప్పడానికి తన పనితనానికే మచ్చ తెచ్చుకున్నాడు. ఆ రోజు హార్మోనియం బాగానే ఉంది, గాలి ఎక్కడా పోలేదు. చర్చిలో ఉన్నవాళ్లు వీళ్లు: పాడిన అక్క సువార్తమ్మ, వాళ్లమ్మ బాలమ్మ, అయ్యగారు దేవసహాయం, హాస్టల్ అమ్మగారు కరుణమ్మ, హార్మోనియం బాగు చేసిన ఖాసిం చాచా, తప్పు వాయించిన శాంతమ్మను నేను.