వల్పరైసో మెట్ల మీద

నలభై ఏళ్ల తరువాత పుట్టిన ఊరు, చిలీ దేశపు రేవు పట్టణం వల్పరైసోకి వచ్చిన ఒర్టెన్సియాకి బస్సు దిగినప్పటి నుంచీ ఒళ్లు మండుతూనే ఉంది. పింఛనుకి జనన పత్రం కావాలన్నారు గానీ, లేకపోతే ఎక్కడో ఉత్తరాన గనుల ఊళ్లో కుట్టుపని మానుకుని వచ్చేదే కాదు. పత్రం కోసం పూటంతా వరసలో నిలబడింది. పోనీ, పాత ఇల్లు చూసిపోదామంటే కొండ మీదికి తీసుకెళ్లే లిఫ్టు చెడిపోయి ఆరునెలలట.

"మనుషులుండే చోటా ఇది? మేకలుండాలి!" అని తిట్టుకుంటూ సగం మెట్లెక్కేసరికి మోకాళ్లు మొరాయించాయి.

పక్క కిటికీలోంచి ఒక ముసలమ్మ తొంగిచూసింది. "ఎవర్నమ్మా ఆ తిట్టడం?"

"మీ ఊరినే!"

"నేనూ రోజూ తిడతాలే. కూర్చుని తిట్టు, ఆయాసం రాదు" అంటూ ఆమె కుర్చీ తెచ్చి మెట్ల మీదే వేసి, వేడి టీ చేతికిచ్చింది.

ఇద్దరూ కలిసి గాలిని, కుక్కల్ని, లిఫ్టునీ తనివితీరా తిట్టారు. గనుల ఊళ్లో ఒర్టెన్సియాకి పక్కింటివాళ్ల పేరైనా తెలియదు. కింద రేవులో దీపాలు వెలిగేసరికి తిరుగు బస్సు కాస్తా వెళ్లిపోయింది.

"ఈ పాడు ఊరు మనిషిని కదలనివ్వదు కదా!" అని విసుక్కుంటూనే, "పడుకోడానికి కాస్త చోటుంటుందా, పెద్దమ్మా?" అని అడిగింది.