మా నాయిన పాటలు ఎక్కించిన క్యాసెట్

మా చిన్నప్పుడు... భద్రాచలం బస్టాండు బయట జీపులు వరుసగా నిలబడేవి. "పర్ణశాల, పర్ణశాల" అని డ్రైవర్లందరిదీ ఒకటే అరుపు. మా నాయిన ఎంకన్న మాత్రం అరిచేవాడు కాదు. టేపు పెట్టేవాడు. అంతే... పక్క జీపులో సగం కూర్చున్న యాత్రికులు కూడా దిగి మా జీపులోకి వచ్చేవాళ్లు.

మా జీపు అంటున్నాను గానీ మాది కాదులెండి. ఓనరు సుబ్బారావు గారిది. మా నాయిన డ్రైవరు. ముందు అద్దం మీద ఓనరు గారి కొడుకు పేరు 'చిన్నబాబు' అని పెద్ద అక్షరాలతో ఉండేది. అందరూ జీపును కూడా ఆ పేరుతోనే పిలిచేవాళ్లు. అసలు చిన్నబాబుది నా వయసే... ఆయన మీద కోపం వచ్చినప్పుడల్లా పోయి జీపు టైరును తన్నేవాణ్ణి.

ఇక క్యాసెట్ సంగతి. ఒక గొప్ప సంగీత దర్శకుడి పాటల్లోంచి ఏరి ఎక్కించింది అది. ఆయన పేరు రాయను. రాస్తే ఆయన గొప్పా ఇంకొకాయన గొప్పా అని కింద కామెంట్లలో మీరు జుట్లు పట్టుకుంటారు.

ఏరింది మా నాయిన. రోడ్డును బట్టి ఏరాడు. ఊరు దాటేదాకా హుషారు పాట. అడవి మొదలయ్యాక వేణువు ఎక్కువుండే పాట. గుంతల దగ్గర బండి నెమ్మదిస్తుంది కనుక అక్కడ జోలపాటలాంటిది. దుమ్ముగూడెం దాటాక గోదారి కనబడే చోట వయొలిన్లన్నీ ఒక్కసారి లేచేవి చూడండి... బండిలో మాటలు ఆగిపోయేవి. ఒక వైపు అయిపోయేసరికి పర్ణశాల. తిప్పి పెడితే తిరుగుదారి. టైరు పంక్చరైతే పాట కూడా ఆపేసేవాడు... రోడ్డూ పాటా విడిపోకూడదట.

బడి లేని రోజు నేనూ ఎక్కేవాణ్ణి. "మా బండికి రోడ్డంతా తెలుసమ్మా, పాట అదే మారుస్తది" అని యాత్రికులకు చెప్పేవాణ్ణి. ఒక ముసలమ్మ నమ్మేసి, దిగేటప్పుడు బండికి దణ్ణం పెట్టుకుని పోయింది. మా నాయిన నా నెత్తిన ఒక్కటిచ్చి, తనూ నవ్వాడు.

పాటలు ఎక్కించింది యాకూబ్ భాయ్ దుకాణంలో. అంతా అయ్యాక ఆయన పెన్ను తీసి అడిగాడు... "అట్ట మీద పేరేం రాయాలె, ఎంకన్న భాయ్?"

"బండి పేరే రాయి భాయ్. బండిల ఉండేటిది బండి పేరు మీదనే ఉండాలె."

మా దగ్గర డ్రైవర్లందరూ అంతే. జాకీ మీద, నీళ్ల క్యాను మీద, ఆఖరికి సీటు కింద దుప్పటి మీద కూడా బండి పేరే. యాకూబ్ భాయ్ ఎర్ర సిరాతో ముచ్చటగా 'చిన్నబాబు' అని రాసిచ్చాడు. ఆ క్యాసెట్ వల్లే ఆ జీపుకు గిరాకీ... జీపు అద్దం మీద ఎంత దుమ్ము ఉన్నా క్యాసెట్ అట్ట మీద ఉండనిచ్చేవాడు కాదు మా నాయిన.

ఒకరోజు పొద్దున్నే సుబ్బారావు గారు కబురు పెట్టారు. జీపు ఇక మీదట ఆయన బావమరిది నడుపుతాడట. మా నాయిన నన్ను ఎక్కించుకుని జీపు వాళ్లింటికి తోలుకెళ్లాడు. తాళం ఆయన చేతిలో పెట్టి, టేపులోంచి క్యాసెట్ తీసుకున్నాడు.

"అది కూడా పెట్టెయ్, ఎంకన్నా."

"ఇది నాదయ్యా. నేను ఎక్కిచ్చుకున్న పాటలు."

"నీదైతే నీ పేరుండాలి కదయ్యా?" అని ఆయన నా వైపు తిరిగాడు. "ఒరేయ్, నువ్వు బళ్లోకెళ్తున్నావుగా. పైన ఏవుందో చదువు."

చదివాను... చిన్నబాబు అని.

మా నాయిన నా భుజం మీద చెయ్యేసి, "మా పిలగాడు మంచిగనే చదివిండయ్యా" అన్నాడు. క్యాసెట్ మళ్లీ టేపులో పెట్టాడు. ఇద్దరం నడిచి ఇంటికొచ్చాం.

తర్వాత వేరేవాళ్ల బండ్ల మీద ఏ రోజు దొరికితే ఆ రోజు పనికి పోయేవాడు. అడ్డా మీద నిలబడితే మా పాటలతోనే ఆ జీపు ముందునుంచి పోయేది. ఆ బావమరిది ఇష్టమొచ్చిన చోటల్లా ఆపుతూ తోలేవాడు. గోదారి పాట అడవిలోనే అయిపోయేదట... దిగిన జనం చెబితే మా నాయిన మొహం తిప్పుకునేవాడు.

"మళ్ల ఎక్కిద్దాం నాయినా, గదే వరసల" అన్నాను.

"బండి లేనోనికి వరసెందుకురా" అన్నాడు.

మళ్లీ ఎక్కించలేదు. పాట వినబడితే లేచి పోయేవాడు. నేనూ మరుసటేడు బడి మానేశాను. చదివితే ఏమవుతుందో చూశాను కదా...

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆ సంగీత దర్శకుడి మేలైన పాటలన్నీ కలిపి కొత్త ఆల్బమ్ తెచ్చారు కదా, అందరి ఫోన్లలో అదే మోగుతోంది. ఆ సందట్లో మన చిన్నబాబు గారు ఆ పాత క్యాసెట్ ఫొటో పెట్టారు. "నాన్నగారు నా పేరు మీద ఎంతో ఇష్టంగా చేయించిన క్యాసెట్. పాటల వరుస చూస్తే ఆయన అభిరుచి తెలుస్తుంది" అట. కింద వందనాలు, కన్నీళ్లు, పూలు...

ఆయన అబద్ధమాడుతున్నాడని నేను అనను. ఇంట్లో ఆయనకు అట్లాగే చెప్పి ఉంటారు. నిజం రాద్దామని మొదలుపెట్టి చెరిపేశాను. రాస్తే సాక్ష్యం అడుగుతారు. మా నాయిన లేడు, యాకూబ్ భాయ్ లేడు. ఊళ్లో అందరినీ ఆట పట్టించేవాణ్ణి... ఆ పోస్టు కింద మాత్రం "సూపర్ సార్" అని పెట్టి ఊరుకున్నాను. ఆయన వెంటనే ఒక గుండె బొమ్మ పంపాడు.

ఇప్పుడు ఎవరి ఫోన్లో వాళ్లు ఎవరి పేరైనా రాసుకోవచ్చు. అప్పుడు మా నాయినలాంటోళ్లకు తమ పేరు రాసుకోవడమే తెలియదు. మీ ఇంట్లో కూడా ఎవరి చేతి పనో ఇంకొకరి పేరు మీద తిరుగుతూ ఉంటే... ఇక్కడ రాయండి. ఆ మనిషి పేరుతో సహా రాయండి.