పదో మనిషి

నిన్న మా బాపట్ల చర్చిలో ఉపవాస కూడికకు వెళ్ళి కూర్చున్నానో లేదో, నా కళ్ళు వాటంతటవే బెంచీల మీది తలలను లెక్కపెట్టాయి. జర్మనీ నుంచి తెచ్చుకున్న అలవాటు ఇది.

కరోనా రోజుల్లో విమానాలు ఆగిపోయి హైడెల్‌బర్గ్‌లో కూతురింట్లో చిక్కుకుపోయాను. అక్కడుండగానే ఇక్కడ మా అక్క పోయింది. నాకు ప్రార్థన నేర్పినదే ఆమె. ఆమెను మాత్రం ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పాటా వాక్యమూ లేకుండా మట్టిలో పెట్టారని ఫోన్లో విన్నాను. అక్కడి తెలుగువాళ్ళ కూడికా ఆగిపోయింది, దగ్గర్లోని చర్చిలూ మూసేశారు. ఇంట్లో మోకాళ్ళూనితే నోరు పెగిలేది కాదు. ఏదో ఒక దేవుని మందిరంలో కూర్చుని అక్క కోసం ప్రార్థించకపోతే నా విశ్వాసమే జారిపోతుందని ఏడిస్తే, కూతురు పక్క ఊళ్ళోని పాత యూదుల సమాజమందిరం చూడడానికి టెర్మిన్, అంటే ముందుగా ఒక సమయం, తీసుకుని, నన్నూ మనవరాలినీ అక్కడ దింపింది.

ఏళ్ళ తరబడి సండే స్కూల్లో ఇశ్రాయేలు ప్రజల కథలు చెప్పినదాన్ని, వాళ్ళ మందిరంలో అడుగుపెట్టడం అదే మొదలు. నీలంరంగు కప్పు కింద అన్నీ ఖాళీ బల్లలే. తాళంచెవులు పట్టుకున్న ముసలాయన ఒక్కడే ఆ ఊళ్ళో మిగిలిన యూదుడు. ఆ రోజుకు ఆయన భార్య పోయి ఏడాది. ఆమె కోసం చెప్పవలసిన ప్రార్థనకు వాళ్ళ మగవాళ్ళే పదిమంది ఉండాలట. పెద్ద ఊరి నుంచి వస్తామన్నవాళ్ళలో కొందరు జబ్బుపడి, కొందరు భయపడి ఆగిపోగా, వచ్చిన ముగ్గురూ మాస్కులతో దూరదూరంగా నిలబడి తలుపు వైపే చూస్తున్నారు.

ఇద్దరు ముగ్గురు కూడినా దేవుడు వింటాడని పిల్లలకు నేర్పినదాన్ని, ఊరుకోలేకపోయాను. అల్లుణ్ణీ అతని స్నేహితులనూ పిలిపిస్తాను, మమ్మల్ని కూడా కలుపుకోమని ఆయన్ని జర్మన్‌లో అడగమని మనవరాలితో అన్నాను.

“కుదరదంట అమ్మమ్మా. మనం వందమందిమి వచ్చినా లెక్కలోకి రామంట,” అంది మనవరాలు.

“మళ్ళీ అడగవే తల్లీ.”

“ప్లీజ్ అమ్మమ్మా, ఆయన ఏడుస్తున్నాడు.”

తలుపు తెరుచుకోలేదు. చివరికి ఆ ప్రార్థన చెప్పకుండానే ఆయన చేతిలోని పుస్తకం మూసి ముద్దుపెట్టుకున్నాడు. బయటికొచ్చి తాళం వేశాక, చేతులు తాకకూడని రోజులు కదా, దూరం నుంచే నాకు తల వంచాడు. అక్క కోసం తెచ్చుకున్న ప్రార్థన నా గొంతులోనే ఉండిపోయింది.

మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు కూడికకు ఆలస్యమైతే చర్చి మెట్ల మీదే చోటు. ఇప్పుడు పిల్లలు అన్నీ ఫోన్లోనే చూసుకుంటున్నారు, మా ఈడువాళ్ళు ఒక్కొక్కరే సమాధుల దొడ్డికి చేరుతున్నారు. ఇంతమంది ఉండాలని నా దేవుడు లెక్క అడగడని తెలుసు. అయినా లెక్కపెట్టకుండా ఉండలేను. నిన్న నాతో కలిపి లెక్క తొమ్మిది దగ్గర ఆగింది. తలుపు వైపు చూస్తూనే పాట అందుకున్నాను.