వదిన మీటరు, అమ్మ గొంతు

మా వదిన ఉద్యోగం శబ్దాలు కొలవడం. ఇంట్లో మాత్రం ఆవిడ చేసే శబ్దమే ఉండదు. పక్క గదిలో ఉందో లేదో లైటు చూసి తెలుసుకోవాలి. మా అమ్మ సరిగ్గా తలకిందులు. అమ్మ మాట్లాడుతుంటే అసలు ఫోను దండగ.

నాన్న పోయాక ఆ గొంతు మూగబోయింది. పొద్దస్తమానం కిటికీ దగ్గరే కూర్చునేది. నాకు భయం వేసేది. మా వీధి చివర పికిల్‌బాల్ కోర్టు పెట్టాక వదినే అమ్మను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి బ్యాటు అందించింది. గట్టి బ్యాటు, చిల్లుల ప్లాస్టిక్ బంతి, ఒకటే టక్కుటక్కు. కొద్దిరోజుల్లోనే అమ్మ గొంతు తిరిగొచ్చింది, వడ్డీతో సహా.

ఆ టక్కుటక్కు పడలేక కోర్టు పక్క మేడమీది రిటైర్డు లెక్చరరు గారు ఫిర్యాదు పెట్టారు. కొలవడానికి ఆఫీసు ఎవర్ని పంపాలి? మా వదిననే!

"మా అత్తగారు అక్కడే ఆడతారండీ" అని వదిన ముందే చెప్పుకుంది.

"మీటరుకి అత్తాకోడళ్ల సంగతులు తెలీవులేమ్మా" అన్నాడట ఆఫీసరు. శబ్దం హద్దు దాటితే కోర్టు మూతే. నాకు ఒళ్లు మండింది.

లెక్చరరు గారి బాల్కనీలో వదిన మీటరు బిగించింది. అది నడుస్తున్నంతసేపూ పక్కనున్న మనిషి నోరు మెదపకూడదు. మెదిపితే ఆ మాటా లెక్కలోకి వెళ్లిపోతుంది. ఈ సంగతి అమ్మకి తెలీదు. కింద నాతో కలిసి ఆడుతున్నదల్లా తలెత్తి కోడల్ని చూసింది.

"అమ్మాయ్! తిన్నావా?"

వదిన పెదాల మీద వేలు పెట్టింది. వినపడలేదనుకుంది అమ్మ.

"తిన్నావా అంటుంటే! ఖాళీ కడుపుతో పోయావ్ పొద్దున!"

వదిన రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

"తినలేదంటోందే!" అని నాతో చెప్పి, వీధి దద్దరిల్లేలా, "డబ్బా పంపించనా?" అని అరిచింది అమ్మ.

మీటరులో అంకె ఎక్కడికో పోయిందట. పద్ధతి ప్రకారం వదిన ఆ ముక్క తీసేసి మళ్లీ కొలిచింది. అమ్మ గొంతు లేకపోయినా బంతి చప్పుడొక్కటే హద్దు దాటింది. ఉన్నది ఉన్నట్టు రాసిచ్చింది.

కోర్టుకి తాళం పడింది. అమ్మ మళ్లీ కిటికీ దగ్గరికి చేరింది. కోడలితో మాటల్లేవు.

"అయితే వదిన తప్పుడు లెక్క రాయాలా?" అని పోట్లాడాను.

"రాయకూడదు. అయినా నాకు కోపమే" అంది.

వదినేమో కోర్టు వాళ్ల వెంటపడి కంచె చుట్టూ మందపాటి పరదాలు కట్టించింది, మెత్తటి బంతులు తెప్పించింది.

మళ్లీ కొలిచే రోజు వచ్చింది. అదే బాల్కనీ, అదే మీటరు. అమ్మ ఆటంతా పళ్లు బిగబట్టి ఆడింది. నేను చేతికొచ్చిన బంతి వదిలేసినా తిట్టలేదు, కళ్లతో మాత్రం కడిగేసింది. చివరికి వదిన అంకె చూసి మీటరు ఆపింది. అమ్మ బ్యాటు గుండెకి అదుముకుని పైకి చూస్తోంది.

వదిన రెయిలింగు మీదికి వంగింది. ఆ గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు.

"హద్దులోనే ఉంది అత్తయ్యా! ఆడుకోండి! ఇవాళ తిన్నాను కూడానూ!"

అమ్మకి కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. అయినా ఊరుకుంటుందా?

"అబద్ధం! నేను కట్టిన డబ్బా వంటింట్లోనే వదిలేసి పోయావ్!"