లెక్కల సారు కోసం చేవెళ్ల దాకా

పోస్టుకార్డు రాసినవాడు దేవదానం. చేవెళ్ల ప్రార్థన మందిరంలో యువకుల సంఘానికి కార్యదర్శి. "ఆదివారం ఆరాధన అయినంక మా లెక్కల సారు ఊళ్లె ఉండాల్నా, పోవాల్నా అని వాదం పెట్టినం. సారుది గుంటూరు దిక్కు. రెండు దిక్కుల మాట రాసే పత్రికాయన ఒకలు రావాలె" అన్నాడు.

అది అరవై తొమ్మిది వేసవి. నగరంలో ప్రత్యేక తెలంగాణ ఊరేగింపులు, లాఠీచార్జీలు రాసి రాసి చేయి అలవాటుపడింది. కూర్చుని వాదించుకుంటామన్నవాళ్లు ఆ నెలల్లో నాకు తగలడం అదే మొదలు. బయలుదేరాను.

ఏడున్నరకు గౌలిగూడలో బస్సెక్కాను. మెహదీపట్నం దాటాక గాలి చల్లబడింది. తొమ్మిది కావస్తుండగా మొయినాబాదులో పది నిమిషాలు ఆగారు. చాయ్ తాగి వచ్చేసరికి నా ముందు సీట్లో ఓ పద్దెనిమిదేళ్ల కుర్రవాడు కూర్చున్నాడు. వెనకే ఎక్కిన ముసలామె అతని భుజం తట్టింది.

"లే బిడ్డా, ఆడోళ్ల సీటిది. కండ్లు ఇంటికాడ మరిచొచ్చినవా?"

"నీ జాగ నీకే అవ్వా, ఫికర్ చెయ్యకు" అంటూ నవ్వి నా పక్కకు వచ్చాడు. పేరు ఖాజా. తండ్రి దర్జీ. రెండుసార్లు లెక్కల్లో తప్పితే, చేవెళ్ల సారు ఆదివారాలు చెప్పి గట్టెక్కించాడట.

"నాకు తెలంగాణ గావాలె అన్నా, సారు గూడ గావాలె. రెండూ అంటే ఎవలు ఒప్పుకుంటలేరు."

ఆ వాదం వినడానికే వస్తున్నాడు. ముసలామె రత్నమ్మ కూడా ఆ మందిరానికే. పదింటికి ముగ్గురం చేవెళ్లలో దిగాం. వాళ్లిద్దరూ ముందు నడిచారు. నేను హోటల్లో ఇడ్లీ తిని, ఆరాధన ముగిసే వేళకు చేరాను.

లోపల నడుమ దారి వదిలి చాపలు పరిచారు. మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు కూర్చోవడం అక్కడి ఆనవాయితీ. వాదం కోసం ఊళ్లోని హిందూ యువకులూ వచ్చి మగవాళ్లలో సర్దుకున్నారు. సారు రాలేదు. ఇంట్లో ట్రంకుపెట్టె కట్టుకుని, నాలుగింటి బస్సులో సీటు పట్టమని కండక్టరుకు చెప్పి కూర్చున్నాడట. తీర్పు ఏదైనా ఓడినవాళ్లే వెళ్లి ఆయనకు చెప్పాలన్నది షరతు.

మొదట, సారు పోవాలనేవాళ్ల తరఫున నర్సింలు అనే యువకుడు మాట్లాడాడు. ఆవేశం ఉంది, అబద్ధం లేదు. "మా అన్న ఇంటర్వ్యూకు పోయిండు. ఆ నౌకరీ ఆంధ్ర దిక్కోనికి ఇచ్చిన్రు. ఇయ్యాల మా అన్న కూలికి పోతుండు. మేం ఎవలికి చెప్పుకోవాలె?"

అప్పుడు దేవదానం లేచి, సారు పోవాలనేవాళ్లు కుడివైపు, ఉండాలనేవాళ్లు ఎడమవైపు కూర్చోవాలన్నాడు. ఒక్కరూ కదల్లేదు. అందరూ ఎప్పటి చాపల మీద అప్పటికే కూర్చుని ఉన్నారు మరి.

"చూసిన్రా! ఒక్క మగోడు సుత సారు దిక్కు లేడు!" అన్నాడు నర్సింలు.

"మేం సారు దిక్కు కూసోలే బిడ్డా, మా చాప మీద కూసున్నం" అంది రత్నమ్మ. ఘొల్లున నవ్వారు.

కాని నవ్వు ఆగాక కూడా మగపిల్లలు లేవలేదు. సారు దగ్గర చదువుకున్నవాళ్లే తలలు దించుకున్నారు. సారును పొమ్మనడం కన్నా ఆడవాళ్ల చాప మీద కూర్చోవడమే వాళ్లకు కష్టంగా ఉంది. దేవదానం తన పొరపాటు తెలిసి మాట మార్చబోయాడు. నర్సింలు మార్చనివ్వలేదు: "చెప్పిన మాట చెప్పినవ్. లెక్కపెట్టు."

అప్పుడు సలోమి లేచింది. హెచ్చెస్సీ, అంటే హైస్కూలు ఆఖరి తరగతి, చదివే పిల్ల. నడుమ దారి దాటి నర్సింలు ఎదుటికి వచ్చి నిలబడింది.

"మీ అన్న నౌకరీ సారు పెట్టెల లేదు నర్సన్నా. యాడున్నదో ఆడికే పోయి అడుగుదం, నేను సుత వస్త. గని మాకు చదువు చెప్పినాయన పెట్టె ఎత్తుకొని పోతుంటే చూడ."

ఖాజా గబుక్కున లేచి వెళ్లి రత్నమ్మ పక్కన కూలబడ్డాడు. "అవ్వా, జర జరుగు. మళ్ల లేవమంటవా?"

"కూసో కొడకా. ఇయ్యాల లేవమన."

తర్వాత ఇద్దరు లేచారు. ఆపైన గుంపుగా కదిలారు. ఎడమ చాపల మీద చోటు చాలక ఆడవాళ్లలో కొందరు కుడివైపుకు జరిగారు. నర్సింలు చుట్టూ చూసి, లెక్కపెట్టమని మళ్లీ అనలేదు. చెప్పులు తొడుక్కుని, "నడువున్రి, షరతు షరతే" అన్నాడు.

అతని వెంట నేనూ వెళ్లాను. సారు వరండాలో పెట్టె మీద కూర్చుని ఉన్నాడు.

"సారూ, మీరు ఉండాలన్నరు. నేను వద్దన్న, ఓడిన. నౌకరీల మాట మాత్రం ఇడువ."

"విడవద్దయ్యా" అన్నాడు సారు. నర్సింలే వంగి పెట్టెకు కట్టిన తాడు విప్పాడు.

నాలుగింటి బస్సు నిండుగా వచ్చింది. కిటికీ పక్క సీటు మీద కండక్టరు తన తువ్వాలు పరిచి ఉంచాడు.

"సారు ఏడి?"

"రావడం లేదు" అన్నాను.

అతను నన్నొకసారి చూసి తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. ఖాజా ఆ సీటును రత్నమ్మకు చూపించి, తను మొయినాబాదు దాకా నిలబడే వచ్చాడు. సారు వైపు ఎంతమందో రాయమని ఆఫీసులో అడుగుతారని నాకు తెలుసు. చాపలు కలిసిపోయాక లెక్కపెట్టలేదనే రాశాను.