మద్దిలేటన్న సైకిలుకు కమాన్ పట్టీ తాళం

2006లో కల్లూరు రోడ్డు పక్కన నాకు వెల్డింగ్ షాపు ఉండేది. చదువు పదో తరగతితో ఆగింది. ఇనుము గుణాలు మాత్రం గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నాను.

ఒక ఉదయం పాలు పోసే మద్దిలేటన్న సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు.

"ఏడాదిలో రెండు సైకిళ్లు పోయినాయప్పా. పాలు పోసేకి మూడో అంతస్తు ఎక్కి దిగేలోపల మాయం! ఇదీ పాయెనంటే పాలు ఇడిసిపెట్టి బెంగుళూరుకు కూలికి పోవాల్సిందే."

"నువ్వు కూలికి పోయేదేందన్నా? దొంగ ఏడ్చే తాళం చేస్తా."

లారీ చక్రాల పైన బరువు మోసే ఉక్కు పట్టీని కమాన్ పట్టీ అంటారు. దాన్ని సన్నగా కోసి, కాల్చి, గుర్రపు నాడాలా వంచాను. వెనక చక్రంలోంచి, ఫ్రేములోంచి దూర్చి రెండు కొసలనూ తాళంకప్పతో బిగించాలి. కప్పకు రంపం తగలకుండా, అది కూర్చునే చోట పట్టీకి ఇనుప డబ్బా వెల్డింగ్ చేశాను. చివరగా, పుస్తకంలో చదివిన హార్డెనింగ్. అంటే ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచడం. ముంచాక రంపం జారిపోయిందే తప్ప గీత కూడా పడలేదు. గర్వంతో సుత్తి అన్న చేతికిచ్చాను.

"కొట్టన్నా!"

"ఇరిగితే?"

"ఇరగదు. పుస్తకంలో ఉండాది."

ఒక్క దెబ్బకు రెండు ముక్కలైంది. అన్న పడీపడీ నవ్వాడు.

"ఏమప్పా, దొంగకు పని తగ్గిస్తాండావే! పుస్తకం సగమే చదివినావా?"

నిజంగా సగమే చదివాను. గ్రంథాలయం మూసే వేళైందని ముందురోజు మధ్యలో లేచి వచ్చాను. మళ్ళీ పరుగెత్తి తరువాతి పేజీ తీస్తే అక్కడుంది టెంపరింగ్. గట్టిపడిన ఉక్కును మెరుగుపెట్టి, నీలిరంగు తేలేదాకా సన్నని సెగ మీద మళ్ళీ కాచాలి. అప్పుడే పెళుసు పోతుంది. రెండో తాళాన్ని అలాగే చేశాను. అన్న చెమట పట్టేదాకా కొట్టినా అది విరగలేదు.

పది రోజులకు దూరం నుంచే బెల్లు మోగిస్తూ వచ్చాడు. తాళం మీద గీతలు, చేతిలో విరిగిన రంపం బ్లేడు.

"సూడప్పా! కోసి కోసి వాని బ్లేడే ఇరిగింది. సైకిలు ఆడనే ఉండాది! ఈ పొద్దు ఈడ అందరికీ నా పాల టీనే!"

క్యానుతో ఎదుటి టీ బంకులోకి దూరాడు. ఆ వారంలోనే మరో ఇద్దరు పాలవాళ్లు అలాంటి తాళం కావాలని వచ్చారు.

అప్పటినుంచి అధ్యాయం చివరిదాకా చదవనిదే కొలిమి వెలిగించను. ఏ వస్తువు చేసినా, అప్పగించే ముందు మొదటి సుత్తి దెబ్బ నేనే వేస్తాను.