మూడు తీగలు, ఒకటే ఫేజు

2006 వేసవి. వర్జీనియాలో షాంటిలీకి కొద్ది దూరంలో ఉన్న ఒక మోటారు రిపేరు షాపులో అప్పటికి ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. కాలిపోయిన మోటార్లు మా దగ్గరికి వస్తాయి. పాత తీగ లాగేసి కొత్త తీగ చుట్టి, వార్నిష్‌లో ముంచి, ఓవెన్‌లో ఆరబెట్టి, టెస్ట్ చేసి పంపిస్తాం. నాతోపాటు ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి ఈ దేశం వచ్చినవాళ్ళందరూ సాఫ్ట్‌వేర్‌లోకి మారిపోయారు. పార్టీల్లో ఎవరైనా "మీరు ఏ టెక్నాలజీ మీద చేస్తున్నారండీ?" అని అడిగితే "రాగి తీగ మీద" అనేదాన్ని. వాళ్ళు నవ్వాలో వద్దో తెలియక ప్లేటు పట్టుకుని ఇంకో గుంపులోకి జారుకునేవారు. నాకేం నొప్పి లేదు. వాళ్ళింట్లో గ్రైండర్ మొరాయించిన రోజు ఫోన్ చేసేది నాకే.

సరళ గారి ఫోన్ కూడా అలాంటిదే అనుకున్నాను.

"రమ గారూ, మా పిండిమర స్టార్ట్ అవట్లేదండీ. హమ్మని శబ్దం చేస్తోంది, అంతే. మొన్న పొగ కూడా వచ్చింది."

"పొగ వచ్చేదాకా ఎందుకు ఉంచారు?"

"చేత్తో బెల్టు లాగితే అందుకుంటుందని నాన్నగారు అన్నారు. లాగాం" అంది.

ఒళ్ళు మండింది. పొగ వస్తున్న మోటారుని చేత్తో తిప్పేవాళ్ళకి వేళ్ళు మిగలడమే అదృష్టం. అయినా మర్నాడు మీటరు సంచీలో వేసుకుని వెళ్ళాను.

సరళ గారిది నలభై దాటిన వయసు. పన్నెండేళ్ళు డేటాబేస్ ఉద్యోగం చేసింది. లేఆఫ్ అయ్యాక మళ్ళీ ఇంటర్వ్యూలు ఇవ్వడం విసుగెత్తి, కారం, పసుపు, బియ్యప్పిండి తాజాగా ఆడించి ఇచ్చే చిన్న షాపు పెట్టాలనుకుంది. స్ట్రిప్ మాల్‌లో, అంటే వరసగా షాపులుండి ముందు కార్లు పెట్టుకునే చోట, అంతకుముందు టైలరు ఉండి ఖాళీ చేసిన గది తీసుకుంది. మరని మటుకు ఇండియా నుంచి ఓడ మీద తెప్పించింది. ఇక్కడ దొరికే యంత్రాల్లో మిరపకాయ కారం అవదు, పొట్టు అవుతుందని ఆవిడ వాదన. ఆ మాట నిజమే.

పొగ వచ్చిన రోజు ఫైర్ అలారం మోగి మాల్ మొత్తం ఖాళీ అయిందట. పక్క గదిలో డెంటిస్ట్. పంటి పని సగంలో ఉన్న ఒకాయన నోట్లో దూదితో, మెడకి బిబ్‌తో ఎండలో నిలబడ్డాడట. ఆ సాయంత్రమే మాల్ మేనేజర్ గ్యారీ వచ్చి, ఇంకొక్కసారి అలారం మోగిందంటే గది ఖాళీ చేయాల్సిందేనని చెప్పి వెళ్ళాడు.

"ఒక్క ఛాన్సే ఉందండీ" అంది సరళ గారు. "ఇది పోతే మళ్ళీ రెజ్యూమె పట్టుకుని తిరగాలి. నా వల్ల కాదు. నిజంగా కాదు." కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

గది మూలన కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆవిడ తండ్రి, వెంకటరత్నం గారు. ఇండియాలో విద్యుత్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేసి రిటైరై, కూతురి దగ్గర ఆర్నెల్లు ఉందామని వచ్చారు. నన్నూ, నా సంచీనీ చూసి, "మీ వారు రాలేదా అమ్మా?" అన్నారు.

"ఆయనకి మోటార్ల గురించి తెలియదండీ" అన్నాను.

ప్యానెల్ తెరిచాను. కరెంటు మీటరు దగ్గర నుంచి లావుపాటి తీగలు మూడు వచ్చాయి. ఆ మూడింటినీ ఎవరో తెలిసిన పనివాడు మోటారు మూడు టెర్మినళ్ళకీ కలిపాడు. మోటారు త్రీ ఫేజ్‌ది. మూడు తీగలు, మూడు ఫేజులు, లెక్క సరిపోయిందని వెంకటరత్నం గారే చెప్పి కలిపించారు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. త్రీ ఫేజ్ కరెంటులో మూడు తీగల్లోనూ ఉద్ధృతి ఒకేసారి రాదు, ఒకదాని తర్వాత ఒకటి వంతులవారీగా వస్తుంది. మోటారు లోపల చుట్టూ అమర్చిన చుట్లలోకి అది అలా వరసగా వచ్చేసరికి అయస్కాంత క్షేత్రం దానంతటదే గుండ్రంగా తిరుగుతుంది. మధ్యలో ఉన్న రోటరు దాని వెంట పడుతుంది. తోయనక్కర్లేదు. సింగిల్ ఫేజ్‌లో ఆ తిరుగుడు ఉండదు. క్షేత్రం ఒకే గీత మీద అటూ ఇటూ ఊగుతుంది, అంతే. తిరగలి పిడిని ముందుకీ వెనక్కీ గుంజితే రాయి తిరుగుతుందా? అదే సంగతి. అందుకే ఇళ్ళలో వాడే సింగిల్ ఫేజ్ మోటార్లలో స్టార్టింగ్ కోసం ఇంకో చుట్టు, చాలావాటిలో దానికి తోడు ఒక కెపాసిటర్ పెడతారు. మొదటి తోపు అవి ఇస్తాయి.

అమెరికాలో మామూలు ఇళ్ళకీ చిన్న షాపులకీ వచ్చే మూడు తీగలు మూడు ఫేజులు కావు. మధ్యది న్యూట్రల్. అటొక నూట ఇరవై వోల్టులు, ఇటొక నూట ఇరవై, రెండూ కలిపితే రెండు వందల నలభై. మూడు తీగలైనా ఫేజు ఒకటే. దానికి కలిపిన త్రీ ఫేజ్ మోటారు ఎటు తిరగాలో తెలియక హమ్మంటూ కూర్చుంటుంది. తిరగని మోటారు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. వేడెక్కుతుంది. పొగ అందుకే.

నేను ఇదంతా సరళ గారికి చెబుతుంటే పెద్దాయన లేచి వచ్చారు. "అయితే ఆ న్యూట్రల్ తీగ బదులు ఒక కండెన్సర్, అదే కెపాసిటర్..." అని మొదలుపెట్టారు.

"నాన్నా, ప్లీజ్" అంది సరళ గారు. "మీరు ఇంకేం చెప్పకండి. చెప్పింది చాలు."

ఆయన నోరు మూసుకుని వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. చూడడానికి బాగాలేదు. కానీ ఆవిడనీ తప్పుపట్టలేను.

"వేరే మోటారు పెట్టేయకూడదా?" అని నన్ను అడిగింది.

పెట్టొచ్చు. కానీ ఇక్కడి మోటార్ల షాఫ్టు కొలత అంగుళాల్లో ఉంటుంది, బోల్టు కన్నాలు కలవవు, మర చట్రం కోయాలి. పైగా ఇక్కడి కరెంటు సెకనుకి అరవై సార్లు ఊగుతుంది, ఇండియాలో యాభై. ఆ అరవై మీద మోటారు అయిదో వంతు ఎక్కువ వేగంగా తిరుగుతుంది. మర వేడెక్కి కారం రంగు మాడుతుంది. అందుకని ఉన్న మోటారుకే వీఎఫ్‌డీ పెడదామన్నాను. అది గోడకి బిగించే ఒక పెట్టె. సింగిల్ ఫేజ్ తీసుకుని, దాన్ని డీసీగా మార్చి, ఆ డీసీ నుంచి మూడు ఫేజులు తయారుచేసి మోటారుకిస్తుంది. సెకనుకి ఎన్ని ఊపులు కావాలో మనం చెప్పొచ్చు. యాభై అంటే యాభై. మా షాపులో లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ వచ్చి కలుపుతాడని, ఈసారి తెలిసినవాళ్ళెవరూ ప్యానెల్ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను.

మోటారు నా కారు డిక్కీలోకి ఎక్కించాక వెంకటరత్నం గారు, "నేనూ రావచ్చా అమ్మా? ఊరికే చూస్తాను" అన్నారు. సరళ గారు తల అటు తిప్పుకుంది. రమ్మన్నాను.

మా షాపులో ముందు మెగ్గర్ పెట్టాను. లోపలి ఇన్సులేషన్ బతికి ఉందో లేదో చెప్పే పరికరం అది. ముల్లు బాగానే నిలబడింది. వాసన వచ్చింది కానీ చుట్టు కాలలేదు. ఇంకో చిక్కు ఉంది. ఆ మోటారు ఇండియాలో నాలుగు వందల పదిహేను వోల్టులకి చేసినది. ఇక్కడ ఉన్నది రెండు వందల నలభై. అదృష్టం ఏమిటంటే, ఇలాంటి చిన్న మోటార్లలో మూడు చుట్ల కొసలనీ లోపల ఒక చోట ముడివేస్తారు. దాన్ని స్టార్ కనెక్షన్ అంటారు. అలా ఉన్నప్పుడు ఒక్కో చుట్టుకీ అందేది రెండు వందల నలభయ్యే. ఆ ముడి విప్పి, చుట్లని ఒకదాని కొస ఇంకోదాని మొదలుకి వచ్చేలా గొలుసు కలిపితే డెల్టా. అప్పుడు బయట రెండు వందల నలభై ఇచ్చినా మోటారుకి సరిపోతుంది.

ఆ ముడి చుట్ల మధ్య దారం కింద, వార్నిష్‌లో గట్టిపడి ఉంది. హీట్ గన్‌తో మెత్తబరుస్తూ, వెదురుపుల్లతో లేపుతూ కూర్చున్నాను. పెద్దాయన ఎదురుగా స్టూలు మీద కూర్చుని కదలకుండా చూశారు. చాలాసేపటికి అన్నారు:

"రూట్ త్రీ మర్చిపోయానమ్మా."

నేను తల ఎత్తాను.

"ఎన్ని వోల్టులని ఆ పనివాణ్ణి అడిగాను. రెండు వందల నలభై అన్నాడు. మన దగ్గర ఇంటికి రెండు వందల నలభై, మోటారుకి నాలుగు వందల పదిహేను. ఇక్కడ ఇంటికి నూట ఇరవై, మోటారుకి రెండు వందల నలభై. వోల్టేజీ తక్కువైతే కొంచెం నీరసంగా తిరుగుతుందిలే, తర్వాత చూసుకుందాం అనుకున్నాను. గుణించనే లేదు. త్రీ ఫేజ్ అయితే నూట ఇరవైని రూట్ త్రీతో, అంటే ఒకటి పాయింట్ ఏడు మూడుతో గుణించాలి. రెండు వందల ఎనిమిది రావాలి. రెండు వందల నలభై అన్నప్పుడే నాకు వెలగాలి కదా? ఉద్యోగంలో కుర్రాళ్ళని ఇదే ప్రశ్న అడిగి ఏడిపించేవాణ్ణి."

జాలి వేసింది. "ఆ దీపం ఇలా పట్టుకోండి, వెలుగు చాలట్లేదు" అన్నాను. పట్టుకున్నారు.

కొత్త తీగలు బయటికి తీసి, కట్టి, వార్నిష్ వేసి, ఆరాక మా షాపులో ఉన్న అసలైన త్రీ ఫేజ్ లైను మీద పెట్టి చూశాను. దబ్బుమని ఒక్క ఊపు ఊగి అందుకుంది. వెంకటరత్నం గారి మొహం మొదటిసారి విప్పారింది. "అదీ! మోటారంటే అలా అందుకోవాలి" అన్నారు.

వారం తిరక్కుండా అన్నీ బిగించాం. వీఎఫ్‌డీ పెట్టె వెనక గదిలో ప్యానెల్ పక్కన. మర ముందు గదిలో, దాని పక్కనే ఆకుపచ్చ బటనూ ఎర్ర బటనూ. తిరిగే దిక్కు ముందే చూసుకుని బెల్టు తొడిగి, రేకు మూత వేశాం. నేను వెనక గదిలో కరెంటు ఎంత లాగుతోందో చూస్తూ నిలబడ్డాను. తలుపు తెరిచే ఉంది, ముందు గదిలో అందరూ కనబడుతున్నారు. గ్యారీ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పొగ బయటికి లాగే ఫ్యాను పైన హోరుమంటోంది.

సరళ గారు తండ్రి వైపు తిరిగింది. "మీరు నొక్కుతారా?" ఎలాంటి స్వరంతో అడిగిందో నాకు తెలియలేదు.

"వద్దమ్మా. నా చేత్తో ఒకసారి అయింది" అని ఆయన మర వెనక్కి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చున్నారు.

ఆవిడ ఆకుపచ్చ బటన్ నొక్కింది.

ఏమీ కాలేదు. దబ్బుమనలేదు, దీపాలు మసకబారలేదు. సన్నగా ఒక కూత, ఫ్యాను హోరులో ఉందో లేదో తెలియనంత. నాకు మటుకు తెలుసు. మర రాళ్ళు బరువైనవని, మోటారు మీద ఒక్కసారిగా భారం పడకూడదని, సున్నా నుంచి యాభై దాకా నిదానంగా ఎక్కమని పెట్టెలో నేనే సెట్ చేశాను. ఆ సంగతి వాళ్ళకి చెప్పడం నాకు తోచలేదు. మాకది రోజూ చూసేదే.

సరళ గారి మొహం పాలిపోయింది. "మళ్ళీ అదే! మళ్ళీ హమ్మంటోంది!" గ్యారీ ఒక అడుగు లోపలికి వేసి, ఆపేయమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ చెయ్యి ఎర్ర బటన్ మీదికి వెళ్ళింది. నేను వెనక నుంచి అరిచాను కానీ ఆ హోరులో నా గొంతు వినబడలేదు.

"ఆగమ్మా!" అన్నారు వెంకటరత్నం గారు. మోటారు వెనకాల రేకు సందుల దగ్గర ఆయన మొహం దాదాపు నేలకి ఆనింది. "తిరుగుతోంది."

"నాన్నా, మీరు ఊరుకోండి!"

"అనుకోవట్లేదమ్మా. చూస్తున్నాను. తిరుగుతోంది."

ఆవిడ ఆయన వైపు చూసింది. బటన్ మీద అరచెయ్యి అలాగే ఉంది. నొక్కితే గ్యారీ ఎదుట ఓడిపోయినట్టే. నొక్కకుండా పొగ వస్తే షాపే పోయినట్టు. నేను తలుపు దాకా పరిగెత్తుకొచ్చేసరికి ఆవిడ చెయ్యి తీసేసింది. నేను చెప్పి కాదు, నా అరుపు ఆవిడకి వినబడనే లేదు.

కూత మెల్లగా లావైంది. బెల్టు రేకు లోపల వేగం అందుకున్న శబ్దం, తర్వాత రాళ్ళు ఒకదాని మీద ఒకటి ఒరుసుకునే గరగర. సరళ గారు మొదట పసుపు కొమ్ముల పొడుగుముక్కలు వేసింది. కింద పెట్టిన గిన్నెలోకి పొడి పచ్చగా రాలింది. ఆవిడ కిందికి వంగి, పొడి చేతిలోకి తీసుకుని, మర వెనక ఇంకా మోకాళ్ళ మీదే ఉన్న తండ్రి దగ్గరికి వెళ్ళింది. "చూడండి, మెత్తగా వచ్చిందా?" అంది. ఆయన పసుపుని వేళ్ళ మధ్య నలిపి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, ఇంకోసారి నలిపి, అప్పుడు "వచ్చింది" అన్నారు. గ్యారీ నా పక్కకి వచ్చి, ఇది ఆన్‌లో ఉన్నట్టేనా అని అడిగాడు. ఉన్నట్టేనన్నాను.

స్టార్, డెల్టా, రూట్ త్రీ అన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. ఆ రోజు నేను నేర్చుకున్నది పుస్తకంలో లేదు. అప్పటినుంచి ఎక్కడ మోటారుకి ఈ పెట్టె బిగించినా, బటన్ నొక్కేముందు అక్కడున్న వాళ్ళందరినీ దగ్గరికి పిలుస్తాను. ఇది నొక్కాక కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది, భయపడకండి, ఎర్ర బటన్ మీంచి చెయ్యి తీసి చూస్తూ ఉండండి అని చెబుతాను.